వెనక్కి తిరిగే టైం ముందే రాసుకోండి

రాత్రి 2.30 గంటలు. గుడారాల బయట మంచులో మమ్మల్ని వరసగా నిలబెట్టి గైడ్ చెప్పిన మొదటి మాట శిఖరం గురించి కాదు. ‘‘పొద్దున్న 9 గంటలకి ఎవరు ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాలి. శిఖరం కళ్లముందు కనపడుతున్నా సరే, వెనక్కి తిరగాల్సిందే. ఒప్పుకుంటే ఇప్పుడే ఒప్పుకోండి. పైకెళ్లాక నాతో వాదించొద్దు’’ అన్నాడు.

మొత్తం 18 మందిమి. అందరం తలలూపాం. అప్పటికి ఇంకా ఎవరి కాళ్లూ పీక్కుపోలేదు కదా, తలూపడానికి ఏం పోయింది?

ఆ కొండ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ. ఎత్తు సుమారు 12,500 అడుగులు. అది 2022 డిసెంబరు. ఆ పొద్దున్న నేను శిఖరం ఎక్కలేదు. ఎక్కని కొండ గురించి ఉద్యోగాల పేజీలో ఎందుకు రాస్తున్నానంటే, అక్కడ నేర్చుకున్న ఒక్క విషయం మూడున్నరేళ్ల ప్రిపరేషన్‌లో నాకు ఎవరూ చెప్పలేదు. బహుశా మీకూ చెప్పి ఉండరు. పైకి ఎలా వెళ్లాలో అందరూ చెబుతారు. ఎక్కడ ఆగాలో బయల్దేరకముందే రాసుకోమని ఎవరూ చెప్పరు.

కాలువ గట్టు నుంచి కొండ దాకా

మాది మండపేట. కొబ్బరిచెట్టు, రైస్ మిల్లు గొట్టం, గుడి గోపురం... మా ఊళ్లో తలెత్తి చూడాల్సినవి ఇవే. ఎటు చూసినా అరచెయ్యిలా ఉండే డెల్టా. అలాంటి ఊరి కుర్రాడు చలికాలంలో హిమాలయాలకి వెళతానంటే ఇంట్లో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ‘‘చదువుకోరా అంటే కొండలెక్కుతానంటావేంట్రా’’ అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. ఆయన మిల్లులో గుమాస్తా. నా కోచింగ్ కోసం చేసిన అప్పు అప్పటికి ఇంకా తీరలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

నేను 2019లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాను. ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం కొట్టాలని గేట్ రాశాను. 2020లో ఒకసారి, 2021లో ఒకసారి, 2022లో ఒకసారి. మూడుసార్లూ క్వాలిఫై అయ్యాను, మూడుసార్లూ ఇంటర్వ్యూ పిలుపు వచ్చేంత స్కోరు రాలేదు. నాలుగోసారికి తయారవుతుంటే, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న నా క్లాస్‌మేట్లు ఫోన్ చేశారు. ‘‘రారా, వారం రోజులు బుర్ర తేలికపడుతుంది. నీ వాటా మేం వేస్తాం’’ అన్నారు. వాళ్లు ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం వాళ్ల డబ్బుతో వెళుతున్నాను కాబట్టి ఎలాగైనా ఎక్కి తీరాలన్న పంతం ఒకటి మొదలైంది. ఈ పంతాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాత దీంతోనే పని.

మూడు నెలలు తయారయ్యాను. తెల్లారకముందే కాలువ గట్టు మీద 5 కిలోమీటర్లు పరుగు. ఆదివారాలు అన్నవరం వెళ్లి మెట్లెక్కి దిగడం, మళ్లీ ఎక్కడం. కాళ్లకి పని చెప్పవచ్చు గానీ సముద్రమట్టానికి కాస్త పైన ఉండే ఊళ్లో ఉండి ఊపిరితిత్తులకి 12 వేల అడుగుల గాలి అలవాటు చేయలేం కదా.

నిజానికి చలికాలంలో గుంపుగా కొండకి వెళ్లడం మా వైపు కొత్తేమీ కాదు. కార్తీకం వచ్చిందంటే మా పక్కనే ఉన్న ద్వారపూడి అయ్యప్ప గుడి నల్లబట్టలతో నిండిపోతుంది. మాల వేసుకుని, 41 రోజుల దీక్ష చేసి, గురుస్వామి వెంట శబరిమల వెళతారు. మొదటిసారి వెళ్లేవాళ్లని కన్నెస్వామి అంటారు. కన్నెస్వామి ఊళ్లో ఎంత పెద్ద ఆఫీసరైనా దారిలో గురుస్వామి మాటే వినాలి. అనుభవం ఉన్నవాడు చెప్పింది కొత్తవాడు వినడం అనే పద్ధతి మనకి తెలిసిందే. ఉద్యోగాల వేటకొచ్చేసరికే దాన్ని మర్చిపోతున్నాం.

కొండ పెట్టే రూల్స్

రాజమండ్రిలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్. అక్కడి నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, రోజంతా వంకర టింకర ఘాట్ రోడ్డు మీద ప్రయాణిస్తే సాంక్రి వస్తుంది. సుమారు 6,400 అడుగుల ఎత్తులో ఉన్న ఆ పల్లె నుంచే నడక మొదలు. మొదటి మజిలీ సుమారు 9,100 అడుగుల దగ్గర, జూడా కా తాలాబ్ అనే చెరువు పక్కన. చలికాలంలో ఆ చెరువు గడ్డకట్టి ఉంటుంది. ఆ పైన బేస్ క్యాంపు 11 వేల అడుగులు దాటిన చోట. అక్కడి నుంచి చివరి రోజు రాత్రే బయల్దేరి శిఖరానికి వెళతారు.

అంత రాత్రి ఎందుకు? రాత్రి చలికి మంచు గట్టిపడుతుంది. బూట్లకి తొడుక్కునే ఇనుప ముళ్లు దాంట్లో బాగా దిగి పట్టు దొరుకుతుంది. ఎండ ఎక్కేకొద్దీ పైపొర మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది, లేదా జారుతుంది. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి దారి కనపడకపోవచ్చు. పైగా ఎక్కడం అయ్యాక దిగడం ఉంటుంది. దిగేటప్పటికి ఒంట్లో సత్తువ అయిపోయి ఉంటుంది, మనసు ‘అయిపోయిందిలే’ అనుకుంటుంది. కొండల్లో చాలా ప్రమాదాలు జరిగేది అప్పుడే. 9 గంటల రూలు వెనుక ఉన్న లెక్క ఇదీ. పైకి చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది కాదు, క్షేమంగా కిందికి రావడానికి ఎంత టైం, ఎంత ఓపిక మిగలాలి అన్న లెక్క.

రెండో రూలు గాలికి సంబంధించింది. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 100 అనుకుంటే 12,500 అడుగుల దగ్గర అది దాదాపు 63. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే గానీ, ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో ఊపిరికి అందేది తగ్గుతుంది. దాదాపు 8 వేల అడుగులు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు. రోజూ జిమ్‌కెళ్లేవాడికి రాదనీ, బక్కపల్చటివాడికి వస్తుందనీ ఏమీ లేదు. అందుకే రోజూ సాయంత్రం మా వేళ్లకి ఆక్సీమీటర్ పెట్టి చూసేవారు. కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆ చిన్న క్లిప్పే. దాంతోపాటు ఒక ప్రశ్న: ‘‘తల నొప్పిగా ఉందా?’’ ఆ లక్షణాలుంటే ఇంకా పైకి వెళ్లకూడదు, ముదిరితే వెంటనే కిందికి దిగాలి. దానికి అంతకంటే మంచి మందు లేదు.

చివరి సాయంత్రం నన్ను అడిగారు. నాకు మధ్యాహ్నం నుంచే తల పోటెత్తుతోంది. అన్నం ముద్ద దిగలేదు. అమ్మ కట్టిచ్చిన తాపేశ్వరం కాజాల డబ్బా గుడారంలో తిప్పితే, పాకం గట్టిపడిపోయినా సరే, అందరూ ఎగబడి తిన్నారు. నేను ఒక్కటి కూడా తినలేకపోయాను. అయినా గైడ్‌తో ‘‘బానే ఉంది భయ్యా’’ అన్నాను. నిజం చెబితే ఆపేస్తాడని భయం.

తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు

చీకట్లో ముందువాడి బూట్లు తప్ప ఏమీ కనపడవు. తలకి కట్టుకున్న లైటు వెలుగులో ఒకడి అడుగుజాడలో ఒకడు అడుగేసుకుంటూ పోవడమే. తెల్లారేసరికి దూరంగా స్వర్గారోహిణి, బందర్‌పూంచ్ శిఖరాలు ఎర్రబడ్డాయి. మావాళ్లు ఫోన్లు తీశారు. నేను తియ్యలేదు. గ్లౌజు విప్పే ఓపిక లేదు.

8 గంటలకి నేను అందరికంటే వెనకబడ్డాను. 8.40కి చివరి ఏటవాలు మొదలైంది. పైన జెండాలు కనపడుతున్నాయి. మావాళ్లు కేకలేస్తున్నారు, ‘‘రారా, వచ్చేశావ్!’’ అని. నేను ఆరడుగులు వేసి ఆగుతున్నాను. ఆగినప్పుడల్లా ఒకే లెక్క: నాలుగేళ్ల నుంచి ఏదీ పూర్తిచేయలేదు, కనీసం ఇదైనా పూర్తిచేయాలి.

వెనక నుంచి గైడ్ వచ్చాడు. ‘‘నిన్న రాత్రి ఏం తిన్నావ్?’’ అని అడిగాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. గీత గీసినట్టు తిన్నగా పది అడుగులు నడవమన్నాడు. నాలుగో అడుగుకే పక్కకి తూలాను. ఆ తర్వాత మంచులోనే వాంతి. ఇంకా 9 కూడా కాలేదు. ‘‘నీకు తొమ్మిదైపోయింది’’ అన్నాడు. ఇంకో పావుగంట ఇవ్వమని బతిమాలాను. ఆయన నాతో వాదించలేదు. అసిస్టెంట్‌ని పిలిచి నా బ్యాగు ఆయన భుజానికి తగిలించాడు, అంతే.

మొత్తం 18 మందిలో ఐదుగురం వెనక్కొచ్చాం. దిగుతుంటే ఏడుపొచ్చింది. వెయ్యి అడుగులు దిగేసరికి మాత్రం తలపోటు సగం తగ్గింది. అప్పుడు భయమేసింది. ఆ పావుగంట నాకు దొరికి ఉంటే ఏమయ్యేది?

సాయంత్రం గైడ్ టీ గ్లాసు చేతికిచ్చి చెప్పిన మాట ఇది: ‘‘నీ తలనొప్పి నిన్న చెప్పి ఉంటే కింద క్యాంపులోనే ఒక రోజు ఆపి, తర్వాతి బ్యాచ్‌తో పంపేవాణ్ణి. నువ్వు దాచావు. దాచినవాళ్లకి నేను వెనక్కి దింపడం తప్ప ఏమీ చేయలేను.’’

‘కొద్దిలో పోయింది’

ఇప్పుడు మీ సంగతికొద్దాం. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, ఎస్సెస్సీ, గేట్, లేదా ఒక పెద్ద కంపెనీ... మీరు ఏదో ఒక శిఖరం వైపు నడుస్తూ ఉంటారు. బయల్దేరే ముందు మీకు ‘9 గంటలు’ ఉందా? ఎన్ని అటెంప్టులు, ఏ వయసు దాకా, ఎంత డబ్బు దాకా? చాలామందికి ఉండదు. నాకు లేదు. ఒక్కో ఫలితం వచ్చాక, ‘కొద్దిలో పోయింది, ఇంకొక్కసారి’ అనుకోవడమే మా లెక్క.

ఈ ‘కొద్దిలో పోయింది’ అనే మాట కొండల్లో చాలామందిని ఇబ్బంది పెట్టింది. 1995లో న్యూజీలాండ్ గైడ్ రాబ్ హాల్ తన బృందంలోని డగ్ హాన్సెన్ అనే అమెరికా పోస్టల్ ఉద్యోగిని ఎవరెస్టు శిఖరానికి కాస్త కింద నుంచి వెనక్కి తిప్పాడు. మర్నాటి ఏడాది హాన్సెన్ మళ్లీ వచ్చాడు. 1996 మే 10న మధ్యాహ్నం 2 దాటితే ఎవరైనా వెనక్కి తిరగాలన్నది లెక్క. హాన్సెన్ శిఖరం చేరేసరికి 4 దాటింది. ఈసారి హాల్ ఆయన్ని ఆపలేదు, కూడా ఉన్నాడు. తర్వాత తుపాను వచ్చింది. ఇద్దరూ తిరిగి రాలేదు. ఆ తుపానులో ఎవరెస్టుపై మొత్తం 8 మంది చనిపోయారు. ఆ రోజు ఆ గైడ్ మనసులో ఏముందో మనం చెప్పలేం. ఒకసారి కొద్దిలో తప్పిపోయినవాణ్ణి రెండోసారి వెనక్కి పంపడం ఎంత కష్టమో మాత్రం అర్థమవుతుంది. మన ఇళ్లలో అమ్మానాన్నల పరిస్థితీ అదే. ‘ఇంత చదివాడు, ఇప్పుడు వద్దని ఎలా అంటాం’ అని.

అదే సీజన్‌లో, అదే కొండ మీద ఇంకొకాయన ఉన్నాడు. స్వీడన్‌కి చెందిన గోరన్ క్రోప్. 1995 అక్టోబరులో స్టాక్‌హోం నుంచి సైకిల్ మీద బయల్దేరి నేపాల్ దాకా తొక్కుకుంటూ వచ్చాడు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, తన సామాను తానే మోసుకుంటూ ఎక్కాడు. మే మొదటి వారంలో శిఖరానికి దాదాపు 100 మీటర్ల కింద నిలబడి టైం చూసుకున్నాడు. ఇంకా పైకెళితే దిగేటప్పటికి చీకటి పడుతుంది. వెనక్కి తిరిగాడు. వేల కిలోమీటర్లు సైకిల్ తొక్కి వచ్చినవాడు చివరి 100 మీటర్లు వదిలేశాడు! మే 23న మళ్లీ ఎక్కి శిఖరం చేరాడు. మొదటిసారి మొండికేసి ఉంటే ఆ రెండోసారి ఉండేదో లేదో.

వెనక్కి తిరగడమంటే ఓడిపోవడం కాదు అని ఊరికే ఓదార్చడానికి నేను ఇది చెప్పడం లేదు. బాధగానే ఉంటుంది, నేను ఏడ్చాను. కానీ తిరిగొచ్చినవాడి చేతిలో ఇంకో ప్రయత్నం మిగులుతుంది. అదే కొండకో, వేరే కొండకో.

మరి పూర్ణ సంగతేంటి?

ఈ పాటికి మీలో కొందరికి కోపం వచ్చి ఉంటుంది. ‘‘పట్టుదల ఉన్నవాళ్లే కదా గెలిచేది? మాలావత్ పూర్ణ మధ్యలో ఆగిపోయి ఉంటే?’’ అని. మంచి ప్రశ్న. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న పల్లె నుంచి వచ్చిన పూర్ణ, ఖమ్మం జిల్లాకి చెందిన ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు.

అయితే వాళ్ల పట్టుదల ఎక్కడ ఖర్చయిందో చూడండి. ముందు భువనగిరి కొండరాళ్ల మీద ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ. ఆపైన గడ్డకట్టే చలిలో లద్దాఖ్. ప్రతి మెట్టు దగ్గరా వడపోత జరిగింది, ఆగిపోయినవాళ్లు ఆగిపోయారు. ప్రతి దశలోనూ ‘వీళ్లు పైమెట్టుకి సిద్ధమా కాదా’ అని తేల్చేవాళ్లు పక్కన ఉన్నారు. అది గుడ్డి మొండితనం కాదు. మనలో ఎంతమందిమి భువనగిరి దగ్గర తేలాల్సిన విషయాన్ని ఎవరెస్టు దగ్గర తేల్చుకుందామని వెళుతున్నాం? పాత పేపర్లు టైం పెట్టుకుని రాసి చూసుకోకుండా నేరుగా పరీక్ష హాల్లో కూర్చోవడం అలాంటిదే.

ఇంకొకరి గురించి చెప్పాలి. నెల్లూరు జిల్లాకి చెందిన మల్లి మస్తాన్‌బాబు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంటెక్, ఐఐఎం కలకత్తాలో మేనేజ్‌మెంట్ చేశారు. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమూ చేశారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలూ ఎక్కారు. ఏ ఖండంలో ఏ నెలలో వాతావరణం అనుకూలిస్తుందో చూసుకుని వేసుకున్న క్యాలెండర్ లేకుండా అది జరిగే పని కాదు. అంతటి ఆరితేరినవారే 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రతికూల వాతావరణంలో చిక్కుకుని కన్నుమూశారు. కొండ ఎవరి సర్టిఫికెట్లూ చూడదు. ఆయన ధైర్యానికి చేతులెత్తి మొక్కుతూనే మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

కాగితం మీద ఏం రాయాలి?

కేదార్‌కంఠ నుంచి ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని ఒక కాగితం తీసుకుని నా ‘9 గంటలు’ రాసుకోవడం. మీరూ రాసుకోవచ్చు. పెద్ద పనేం కాదు, నాలుగు లైన్లు.

మొదటి లైను, తేదీ. ‘‘2023 ఫిబ్రవరి గేట్ చివరిది’’ అని రాశాను. అటెంప్టుల లెక్క కంటే తేదీ మేలు. ఎందుకంటే నోటిఫికేషన్ మన చేతిలో ఉండదు, కొండ మీద వాతావరణం లాగే. ఏపీపీఎస్సీ గ్రూప్-2నే చూడండి. 2018 చివర్లో ఒక నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాతది 2023 డిసెంబరులో వచ్చింది. దానికి మెయిన్స్ జరిగేసరికి 2025 ఫిబ్రవరి అయింది. ‘రెండు అటెంప్టులు’ అని రాసుకున్నవాడికి ఏడేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. తేదీ రాసుకుంటే ఆ రోజు కూర్చుని ఆలోచించాల్సి వస్తుంది.

రెండో లైను, డబ్బు. ఇంట్లో ఇంకెంత అప్పు దాకా వెళ్లొచ్చు? ఈ అంకె అమ్మానాన్నలతో కూర్చుని రాయాలి. నేను అడిగినప్పుడు నాన్న చెప్పిన అంకె నేననుకున్నదానికి సగం ఉంది. మూడున్నరేళ్లుగా ఆయన తన తలనొప్పి దాచుకున్నారన్నమాట.

మూడో లైను, ఒళ్లు, మనసు. నిద్ర పట్టకపోవడం, ఫ్రెండ్స్ ఫోన్లు ఎత్తకపోవడం, పెళ్లిళ్లకి వెళ్లడం మానేయడం, అన్నం సహించకపోవడం. ఇవి వారాల తరబడి ఉంటే తేదీ రాకపోయినా ఆగి ఎవరికైనా చెప్పాలి, అవసరమైతే డాక్టర్ని కలవాలి. నాకు 8.40కే తొమ్మిదైనట్టు.

నాలుగో లైను, తిరిగొచ్చి చేరే క్యాంపు. కింద వేడి టీ, గుడారం లేకపోతే ఎవడు మాత్రం వెనక్కి తిరుగుతాడు? చాలామంది ఆగలేకపోవడానికి కారణం శిఖరం మీద మోజు కాదు, కింద ఏమీ కట్టుకోకపోవడం. ప్రిపరేషన్ నడుస్తుండగానే రోజుకి గంటసేపు ఇంకో పని నేర్చుకోండి. ట్యాలీ, కోడింగ్, టెస్టింగ్, ట్యూషన్లు చెప్పడం, కుటుంబానికి ఉన్న పని ఏదైనా. నేను పైథాన్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మొదలుపెట్టాను. నేర్చుకున్నది మర్చిపోకుండా తెలుగులో రాసుకున్న నోట్సే తర్వాత నా బ్లాగు అయింది. 2023 గేట్‌లో కూడా అనుకున్న స్కోరు రాలేదు. కాగితం తీసి చూసుకుని ఆపేశాను. ఆ ఏడాది చివరికి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో, చెప్పుకోడానికి కాస్త మొహమాటపడే జీతానికి చేరాను. ఇప్పుడు పర్లేదు. నాన్న అప్పు తీరింది.

ఆ కాగితాన్ని మాత్రం మీ దగ్గరే ఉంచుకోకండి. ఎత్తుకి వెళ్లేకొద్దీ మెదడుకి ఆక్సిజన్ తగ్గి మన నిర్ణయాలే మనకి సరిగ్గా అర్థం కావు. నాలుగో అటెంప్టులో ఉన్నవాడి బుర్ర కూడా అంతే. అందుకే మిమ్మల్ని తూలకుండా పది అడుగులు నడవమని అడిగే మనిషి ఒకరి చేతిలో పెట్టండి. అక్కో, బావో, పాత లెక్చరరో, ఎవరో ఒకరు.

మీ గైడ్ ఎవరు?

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు నేనిప్పుడు ఒకే ప్రశ్న అడుగుతాను. ‘‘మీరు ఎప్పుడైనా ఎవరినైనా వెనక్కి పంపారా?’’ మా గైడ్ ఆ రోజు ఐదుగుర్ని పంపాడు. దానివల్ల ఆయనకి వచ్చే లాభం ఏమీ లేదు, మా నిష్ఠూరాలు తప్ప. అందుకే ఆయన్ని నమ్ముతాను.

మీరు చేరబోయే కోచింగ్ సెంటర్ని, ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌ని ఇదే అడగండి. డెమో క్లాసుకి వచ్చిన ప్రతివాణ్ణీ ‘నీకు కచ్చితంగా వస్తుంది’ అనేవాడు గైడ్ కాదు, టికెట్లు అమ్మేవాడు. ‘లక్షలు కట్టు, బ్యాక్‌డోర్‌లో జాబ్ పెట్టిస్తా’ అనేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ల దగ్గర ఆక్సీమీటరూ ఉండదు, కిందికి దింపే మనిషీ ఉండడు. డబ్బు కట్టాక ఫోన్ ఎత్తరు. మీ బేసిక్స్ చూసి ‘ఇప్పుడే ఫీజు కట్టకు, ముందు ఆర్నెల్లు లెక్కలు చూసుకుని రా’ అని ఎవరైనా అంటే ఆ నంబరు సేవ్ చేసుకోండి.

మీ వైపు నుంచి చేయాల్సింది కూడా ఒకటుంది. తలనొప్పి దాచొద్దు. బ్యాక్‌లాగ్ ఉన్నా, ఇంగ్లిష్ రాకపోయినా, రెండేళ్ల గ్యాప్ ఉన్నా, ఫీజు కట్టలేకపోతున్నా, సాయం చేయగలిగిన మనిషికి ఈ రోజే చెప్పండి. ముందు రోజు చెబితే దారి చూపిస్తారు. చివరి ఏటవాలు మీద చెబితే దింపడం తప్ప ఎవరేం చేయలేరు.

ఇంట్లో పెద్దవాళ్లు ఈ పేజీ చూస్తుంటే ఒక్క మాటండి. పిల్లాడు ఆగుతానని చెప్పిన రోజు ‘వదిలేశావా?’ అనకండి. ‘తిన్నావా?’ అనండి. ఆ రోజు క్యాంపులో వంటాయన నన్ను అడిగింది అదే.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా వీధిలో ఉండే నా క్లాస్‌మేట్ కలిశాడు. 2019 నుంచి గ్రూప్స్ చదువుతున్నాడు. కాలువ గట్టు మీద నడుస్తూ అడిగాడు, ‘‘ఆ రోజు పైన జెండాలు కనపడుతున్నాయన్నావు కదా, మరి ఎలా తిరిగొచ్చేశావురా?’’

‘‘నేను తిరగలేదురా. నన్ను తిప్పారు. తిప్పొచ్చని నేను కిందే ఒప్పుకున్నాను’’ అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు నేను హైదరాబాద్ బస్సెక్కుతుంటే వచ్చి మడతపెట్టిన కాగితం ఒకటి నా జేబులో పెట్టాడు. అందులో ఒక తేదీ ఉంది. అది ఏమిటో మీకు చెప్పను. ఆ తేదీలోపు వాడు ఉద్యోగం కొడితే ఆ కాగితం చింపేస్తాను. కొట్టకపోతే ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి, ముందు తిన్నావా అని అడుగుతాను.